పిల్లల శీలము – తల్లిదండ్రుల బాధ్యత

బిడ్డ తప్పు చేసినపుడు మనము వానిని నిలదీయుదుము. ఆ తప్పు వానికెట్లబ్బినదని మనలను మనము ప్రశ్నించుకొనుట అరుదు.

మహాభారతము ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు రాయబారమునకు వచ్చినపుడు, దుర్యోధనుడు పెద్దల మాట పెడచెవినిబెట్టి సభ విడిచి వెడలిపోయెను. కుమారునికి బుద్ధి చెప్పుమని ధృతరాష్ట్రుడు గాంధారిని రప్పించెను. ఆ సాధ్వి ముందుగా భర్తనే మందలించెను. కొడుకు పాపబుద్ధి నెరిగియు, పుత్రవ్యామోహమున వాని వెంట నడచిన తండ్రిదే దోషమని నిండుసభలో పలికెను. ద్యూతమునాడే వారింపవలసినవానిని యుద్ధము ముంగిట వారింపబూనిన ఫలమేమి?

గారాబము మితిమీరుట యెట్టి దోషమో, దండన మితిమీరుటయు నట్టిదే. శ్రీమద్భాగవత దశమస్కంధమున యశోదమ్మను చూడుడు. పాలు పొంగుచున్నవని ఒడిలోని బిడ్డను దించి ఆమె లోనికేగెను. అలిగిన బాలకృష్ణుడు పెరుగుకుండ పగులగొట్టెను. కర్ర గొని వెంబడించిన తల్లి, బిడ్డ భయపడుట గాంచి దానిని పారవైచెను. అయినను ఊరక విడువక రోటికి కట్టెను. భయమును తొలగించెను గాని కట్టుబాటును సడలింపలేదు.

ఈ కథలను పాఠశాలలో ఎందరికో చెప్పితిని గాని, నాకు బోధపడినది ఒక తిరుమల యాత్రలో. మా కుమారునికి అప్పటికి పండ్రెండేండ్లు నిండినవి. బస్సులో అర టిక్కెట్టు కొరకు పదకొండని చెప్పితిని. దర్శనమైన పిదప, ఇంటివద్దనున్న మా అమ్మగారికై దాచిన లడ్డు కనబడలేదు. తాను తినలేదని వాడనెను. మూతికంటిన పొడి నిజము చెప్పుచుండెను. చేయి యెత్తితిని. వాడు వెక్కుచు, "నాన్నగారూ, బస్సులో మీరు చెప్పినదో?" అనెను. ఎత్తిన చేయి దిగిపోయెను. స్వామి సన్నిధికి బిడ్డను అబద్ధముతో తెచ్చినవాడను నేనే గదా! నా తప్పును వానియెదుట ఒప్పుకొని, తిరుగు ప్రయాణమున పూర్తి టిక్కెట్టు కొంటిని. ఇల్లు చేరిన పిమ్మట వానిచేత నాయనమ్మకు నిజము చెప్పించితిని.

భక్తమహాశయులారా! యాత్రకు పిల్లలను వెంట తెచ్చుట పుణ్యకార్యమే. కాని వారు గోపురముకంటె ముందు మనలను చూచుచుందురు. వరుసలో పరులను త్రోసికొని పోవు తండ్రి చెప్పు నీతిని ఏ బిడ్డ వినును? దండింపవలసినచో దండింపుడు; ఆ నియమము మనయందున్నదా యని ముందు చూచుకొనుడు. అట్టి వివేకమును శ్రీనివాసుడు మనకెల్లరకు ప్రసాదించుగాక!