కొట్టులోని చేతివాటము

ఒక పెద్ద కొట్టులో ఒకడు సరకులు కొనుచున్నాడని తలంచుము. చుట్టును అరలనిండ సామాను, చూచువారెవరును లేరు. అతడు ఒక సబ్బుబిళ్ళ తీసి మెల్లగా జేబులో వేసికొనెను. పొరుగింటి గోడ దూకి వారి చెంబు ఎత్తుకొని రమ్మని యీ మనుష్యునితోనే చెప్పి చూడుము. వాడు చెవులు మూసికొనును. మరి యిక్కడ చేయి ఏల వణకలేదు? చెంబు పోయిన పొరుగువాని ముఖము వాడెరుగును. సబ్బు పోయిన వాని ముఖము వాడెరుగడు. "ఇంత పెద్ద కొట్టుకు ఇదియొక లెక్కా?" అని తన మనస్సుకు తానే సర్ది చెప్పుకొనును.

అది లెక్కయే. నూరు రూపాయల అమ్మకముమీద ఐదు రూపాయలు మిగులు వర్తకునికి, 50 రూపాయల సబ్బు పోయినయెడల, ఆ నష్టము పూడుటకు 1,000 రూపాయల సరకు అమ్మవలెను. అంతసేపు అతడు నిలుచున్నది ఊరకే. వీధి చివరి చిన్న కొట్టువాడైతే ఆ నష్టము తన పిల్లల కంచములోనుండి తీయవలసినదే. పెద్ద కొట్టువాడైతే ధరలో కలిపి మనయందరి మీద వేయును.

అమెరికా దేశపు చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య 2022వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము, అమ్మకములలో నూటికి 1.6 వంతు, అనగా 11,210 కోట్ల డాలర్ల సరకు లెక్కకు రాకుండ పోయెను. అయితే ఇదంతయు కొనుటకు వచ్చినవారు దొంగిలించినది కాదు. బయటివారి దొంగతనము నూటికి 36 పాళ్లు. కొట్టులో పనిచేయువారిది 29. లెక్కల పొరపాట్లు, పని లోపములు 27. దొంగ నేరమును తూచునప్పుడు కూడ మన త్రాసు సరిగా నుండవలెను గదా!

డబ్బు కంటె పెద్ద నష్టము మరియొకటి గలదు. ఆ దేశపు అనేక పట్టణములలో సబ్బులు, క్షౌరపు కత్తులు సహితము అద్దపు బీరువాలలో పెట్టి తాళము వేయుచున్నారు. ఎన్నడును ఒకరి సొమ్ము ముట్టని ముసలమ్మ కూడ తాళము తీయువానికొరకు కాచుకొని నిలువవలెను. చినిగిన చొక్కా తొడిగినవాడు లోపలికి వచ్చినచో కావలివాని కన్ను వానిని వెంబడించును. దొంగిలించినవాడు ఒక వస్తువును తీసికొని పోయెను. దానితోకూడ నమ్మకమును తీసికొని పోయెను. వస్తువును మరల కొనవచ్చును. నమ్మకమును ఏ కొట్టులో కొందుము?

అట్టివానిని బాగుచేయు టెట్లు? చెరసాలలో వేసినచో చిన్న దొంగ పెద్ద దొంగలయొద్ద చదువు నేర్చుకొని వచ్చునని భయము. కావున వానికి పాఠము చెప్పుదమని కొందరు తలంచిరి. తలంపు మంచిదే. అయితే అమెరికాలో జరిగిన దొకటి వినుము. కరెక్టివ్ ఎడ్యుకేషన్ కంపెనీ అను సంస్థ పెద్ద కొట్లతో ఒప్పందము చేసికొని, పట్టుబడినవారికి పాఠములు చెప్పుచుండెను. పాఠమునకు వెల కొన్ని వందల డాలర్లు. ఒప్పుకొననివారి సంగతి పోలీసులకు చేరునని బెదిరింపు. 2017లో శాన్ ఫ్రాన్సిస్కో న్యాయస్థానము ఇది బెదిరించి సొమ్ము గుంజుటయే యని తీర్పు చెప్పెను. పరుల సొమ్ము ఆశింపకుమని బోధించుటకు బయలుదేరినవారు పరుల భయమునే సొమ్ము చేసికొనిరి!

భయము చేతిని ఆపును గాని మనస్సును మార్చదు. మనస్సు మారుట ఎట్టిదో గాంధీగారు తన ఆత్మకథలో వ్రాసిరి. 15 ఏండ్ల ప్రాయమున, అన్నగారి అప్పు తీర్చుటకై, ఆయన బంగారు కడియములోనుండి ఒక తునక దొంగిలించిరి. ఆ భారము మోయలేక చీటి వ్రాసి, తనకు శిక్ష విధింపుమని వేడుకొని, జబ్బుతో మంచముననున్న తండ్రి చేతికిచ్చిరి. తండ్రి చదివి కన్నీరు కార్చి, చీటిని చింపివేసెను. దెబ్బ లేదు, తిట్టు లేదు. తాను నొప్పించిన ముఖమును కుమారుడు కన్నులార చూచెను. ఆ పాఠము జన్మమంతయు నిలిచినది.

మన దేశపు శాసనమును ఈ త్రోవకు కొంత చేరువకు వచ్చినది. 1958 నాటి ప్రొబేషన్ చట్టము మొదటిసారి దొంగతనము చేసినవానిని మందలించి విడిచిపెట్టుటకు న్యాయాధిపతికి వీలు కల్పించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 303వ విభాగము ప్రకారము, మొదటిసారి దోషిగా తేలినవాడు దొంగిలించినది 5,000 రూపాయల లోపు విలువదైనచో, సొమ్ము తిరిగి యిచ్చిన పిమ్మట సమాజ సేవయే వానికి శిక్ష. తీసికొన్న చేతితోనే తిరిగి యిచ్చుట, చెరచిన ఊరికే సేవ చేయుట, ఇది మంచి బడి.

ఆ బడిలో గురువు మొదట అడుగవలసిన ప్రశ్న "ఏల తీసితివి?" అనునది. ఆకలిచేత తీసినవానికి అన్నము, పని చూపవలెను. ఆపుకొనలేని మనోవ్యాధిచేత తీసినవానికి వైద్యుడు కావలెను. సరదాకు తీసిన పిల్లవానిని కొట్టువాని ప్రక్కన కూర్చుండబెట్టి, దినము ముగియగానే ఆ లెక్కలు వానిచేతనే వేయింపవలెను. సబ్బుబిళ్ళకొక ముఖమున్నదని వానికి తెలిసిన దినమున పాఠము ముగిసినట్లే.

చదువరీ, ఇది పరుల కథ యని పుస్తకము మూయకుము. నిన్న కొట్టువాడు పొరపాటున నీ చేతిలో పది రూపాయలు ఎక్కువ పెట్టినప్పుడు నీవేమి చేసితివి? "వాని తప్పే గదా" అని ముడి వేసికొంటివా? దొంగకు తేలు కుట్టినట్లు లోపల ఏదో చురుక్కుమనినయెడల సంతోషింపుము. నీ మనస్సాక్షి యింకను బ్రతికియున్నది. లేచి వెళ్లి ఆ పది రూపాయలు ఇచ్చి రమ్ము. ఆ కొట్టువాని ముఖమును ఒకసారి చూడుము. నీకును అదే పాఠము.