కొండ మీద నీళ్ళు





మహారాష్ట్రలో సహ్యాద్రి కొండల అంచున సతారా అనే ఊరుంది. అక్కడ వానాకాలంలో ఒక పరుగు జరుగుతుంది. దాన్ని సతారా హిల్ హాఫ్ మారథాన్ అంటారు. 2012లో మొదలైంది. దూరం 21.1 కిలోమీటర్లు. ఊళ్ళో బయలుదేరి యవతేశ్వర్ ఘాట్ మీదుగా కాస్ పీఠభూమి వైపు కొండ ఎక్కాలి, మళ్ళీ ఆ కొండ దిగి రావాలి. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, దిగేటప్పుడు తొడలు, మోకాళ్ళు పట్టేస్తాయి.

ఇలాంటి పరుగులకు వెళ్ళేవాళ్ళలో కొందరు పిల్లల కోసం పరుగెత్తుతారు. "నేను ఈ కొండ ఎక్కుతాను. ఆ పిల్లల చదువుకు మీకు తోచింది ఇవ్వండి" అని బంధువుల్ని, తోటి ఉద్యోగుల్ని అడుగుతారు. రేపు మీ అమ్మాయో, మీ తమ్ముడో ఇదే మాట మీ దగ్గరకు తేవచ్చు. అప్పుడు మీకు ఒక సందేహం రావాలి: ఒళ్ళు హూనం చేసుకుంటే పుణ్యం వస్తుందా? ఇది మనం వదిలేసి వచ్చిన మొక్కుల లాంటిదే కాదా?

మంచి సందేహమే. దీన్ని వదలకుండా ఆలోచిద్దాం.

శరీరాన్ని బాధ పెట్టుకుంటే ముక్తి వస్తుందన్న మాటను భగవాన్ బుద్ధుడు తానే పరీక్షించి చూశాడు. ఆకలితో ఎండిపోయి, అది దారి కాదని తెలుసుకుని వదిలేశాడు. తర్వాత సోణుడనే భిక్షువు విషయంలోనూ అదే చెప్పాడు. సోణుడు చంపా నగరంలో ధనవంతుల బిడ్డ, సుకుమారంగా పెరిగినవాడు. భిక్షువయ్యాక పట్టుదలతో అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేశాడు. అరికాళ్ళు పగిలి, నడిచిన దారంతా నెత్తురైంది. అయినా మనసు కుదరలేదు. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. బుద్ధుడు వచ్చి అతన్ని వీణ గురించి అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే పలుకుతుందా? సరిగ్గా బిగిస్తేనే కదా పలికేది! ప్రయత్నం కూడా అంతే అన్నాడు.

కాబట్టి నెత్తురు కారిన పాదాలకు ధమ్మంలో బహుమతి లేదు. కొండ ఎవరికీ పుణ్యం ఇవ్వదు. కొండ మీద కూర్చుని మన కష్టానికి లెక్క కట్టేవాడూ ఎవడూ లేడు. మొక్కులో "నేను ఇంత బాధ పడతాను, నాకు ఇది ఇవ్వు" అనే బేరం ఉంటుంది. మరి పిల్లల కోసం పరుగెత్తేవాడు ఏమంటున్నాడు? "నేను కష్టపడతాను, ఇంకొకరికి ఇవ్వండి" అంటున్నాడు. తేడా అక్కడుంది. కష్టం అంతే ఉండవచ్చు, కానీ ఫలం వెళ్ళే దిక్కు వేరు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పది పారమితల ఆచరణ ఒకటి. వాటిలో విరియ ఉంది, దాన ఉంది. పట్టిన పనిని వెనుదిరగకుండా చేయడం విరియ. తిరిగి ఏమీ కోరకుండా ఇతరుల మేలుకు ఇవ్వడం దాన. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి, ఒళ్ళు తెలుసుకుని, ఎంత బిగించాలో అంతే బిగించి సాధన చేయడం విరియ. ఆ చెమట ఒక బిడ్డ పుస్తకంగా, హాస్టల్ భోజనంగా మారితే అది దాన. మారకపోతే? అది వ్యాయామం. వ్యాయామం మంచిదే, కానీ దానికి దానమని పేరు పెట్టకూడదు.

ఇప్పుడు సతారా గురించి మనకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1900 నవంబర్ 7న ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఈ ఊరి బళ్ళోనే చేరాడు. అతనే మన భీమ్‌రావ్. తరగతిలో విడిగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్నాడు. దాహమైతే కుళాయి ముట్టకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. బంట్రోతు రాకపోతే ఆ రోజుకి దాహమే.

ఆ తర్వాత, 1901 ప్రాంతంలో, వేసవి సెలవులకు నాన్న దగ్గరికి వెళ్దామని అన్న, మేనల్లుళ్ళతో కలిసి రైల్లో మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహార్ పిల్లలని తెలిసి బండివాళ్ళు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకుంటే, తను పక్కన నడిచేట్టు. దారిలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. రాత్రి టోల్ వసూలు చేసే గుడిసె దగ్గర అడిగితే, నీళ్ళు కొండ మీద ఉన్నాయి, కావాలంటే పోయి తెచ్చుకోమన్నాడు అక్కడివాడు. అన్నం ఎదురుగా ఉండీ ఆ పిల్లలు పస్తు పడుకున్నారు.

ఇవాళ కొండ పరుగులో రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు అడగకముందే నీళ్ళు అందిస్తారు. నీదే కులమని ఎవరూ అడగరు. ఈ మార్పు దానంతట అది రాలేదు. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో దిగిన అడుగులు తెచ్చాయి. రాజ్యాంగం 17వ అధికరణ తెచ్చింది. ఆ నీళ్ళు తాగి పరుగెత్తేవాళ్ళు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇంకా ఎవరి బిడ్డను మనం "నీళ్ళు కొండ మీద ఉన్నాయి, పోయి తెచ్చుకో" అంటున్నాం? ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్లకు, ఇటుక బట్టీల వెంట తల్లిదండ్రులతో తిరిగే పిల్లవాడికి చదువు కొండ మీది నీళ్ళే.

చదువు బిడ్డ హక్కు, భిక్ష కాదు. ప్రభుత్వాన్ని అడగడం మానకూడదు. కానీ హక్కు చేతికి వచ్చేదాకా బిడ్డ వయసు ఆగదు కదా! భీమ్‌రావ్ కాలేజీ చదువుకు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చాడు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళడానికీ ఆయన స్కాలర్‌షిప్పే ఆధారం. అందుకున్న చేయి అక్కడితో ఆగలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది. మరుసటి ఏడు ముంబైలో సిద్ధార్థ కాలేజీ తెరిచింది. సరైన వేళకు అందిన సాయం ఒకరి దగ్గర ఆగిపోదు.

ఇక ఆచరణ. ఇచ్చే ముందు సంతోషం, ఇచ్చేటప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి, ఈ మూడూ ఉండాలని బుద్ధుడు చెప్పాడు. అందుకని మీరు పరుగెత్తినా, పరుగెత్తేవారికి ఇచ్చినా ఈ నాలుగు చూసుకోండి. బూట్లకూ ప్రయాణానికీ అయిన ఖర్చు మీ జేబులోది కావాలి, పిల్లల పేరున వచ్చిన డబ్బులోది కాదు. వచ్చిన ప్రతి రూపాయికి రసీదు, లెక్క ఉండాలి. విహారంలో అందరి ముందు చదవండి. సాయం అందుకున్న బిడ్డను పక్కన నిలబెట్టి ఫొటో తీయకండి. తల దించుకుని తీసుకున్నది ఆ బిడ్డకు జీవితాంతం బరువు. నాలుగోది, ఒళ్ళు వద్దంటే ఆగండి. సగం దారిలో ఆగినా, ఇస్తామన్నవారు ఇవ్వాల్సిందే. బిడ్డ ఫీజు మీ మోకాలి మీద ఆధారపడకూడదు.

మన విశాఖ దగ్గర తొట్లకొండ ఉంది. ఒకప్పుడు భిక్షువులు నివసించిన కొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరు. ఎక్కినవాళ్ళు అక్కడ నీళ్ళు నిలిపారు. కొండ ఎక్కడమంటే మన సంప్రదాయంలో అదీ.

కాబట్టి ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం ఖాళీ చేతులతో దిగకండి. కింద ఒక బిడ్డ దాహంతో ఉంది.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు!

జై భీమ్!