42వ నాడు

అయ్యప్ప మాల ధరించి 41 దినములు మండల దీక్ష పూనిన వారిని ప్రతి సంవత్సరము కార్తీక మార్గశీర్షములలో మనము చూచుచున్నాము. వారు తెల్లవారకమునుపే లేచి చన్నీటి స్నానము చేయుదురు. మద్యమును, మాంసమును, పొగాకును ముట్టరు. పగలు భోజనము, రాత్రి అల్పాహారము మాత్రము గైకొని నేలపై శయనింతురు. ఏండ్ల తరబడి వీడని అలవాట్లు ఒక్కనాటితో వీడుట చూచి ఇంటివారు సంతోషింతురు. కాని మాల తీసిన మరునాడే అవి యన్నియు తిరిగి వచ్చి చేరుటయు పలు ఇండ్లలో కనబడుచున్నది. 41 దినములు సాధ్యమైనది 42వ నాడు ఏల అసాధ్యమగుచున్నది?

శక్తి చాలకపోవుట కారణము కాదు. శక్తి కలదనుటకు ఆ 41 దినములే సాక్ష్యము. లోపము సంకల్పమునందున్నది. "స్వామి కొరకు ఇన్నాళ్లు మానుదును" అనుకొన్నవాడు లోలోపల దినములు లెక్కించుచునే యుండును. అట్టివాడు అలవాటును విడువలేదు, దాచియుంచినాడు.

అభ్యాసము దృఢపడుటకు చిరకాలము సాగుట, ఎడతెగకుండుట, ఆదరము కలిగియుండుట అను మూడును వలయునని పతంజలి మహర్షి యోగసూత్రములలో చెప్పినాడు. దీక్షయందు కడపటి రెండును పుష్కలముగా కలవు. మొదటిదే కొరవడుచున్నది.

చరకసంహిత సూత్రస్థానము 7వ అధ్యాయమున దీనికొక ఉపాయము కలదు. అలవాటుపడిన అహితమును పాదము చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున, తగ్గించుచు, ఆ స్థానమున హితమును పెంచుకొనవలెను. నడుమ కొన్ని దినములు ఆగి, జరిగిన మార్పును కుదురుకొననీయవలెను. ఇట్లు తొలగిన దోషము మరలి రాదనియు, ఇట్లు కుదిరిన గుణము చలింపదనియు ఆ గ్రంథాభిప్రాయము.

అయినచో మద్యపానమును కూడ పావు పావుగా మానవలెనా యని శంక కలుగవచ్చును. దీక్షలో మానినది మానినదే. దానిని మరల తెచ్చుకొనుట ఏ క్రమమును కాదు. అయితే ఏండ్ల తరబడి అధికముగా త్రాగినవారు ఒక్కుమ్మడిగా మానినచో వణకు, మూర్ఛ మున్నగు ప్రమాదములు కలుగవచ్చును గావున, మాల వేసికొనుటకు ముందే వైద్యుని సలహా పొందవలెను.

దీక్షానియమములన్నియు గృహస్థునకు జీవితాంతము సాగవు. చన్నీటి స్నానమును, భూశయనమును విడిచినను దోషము లేదు. వేకువను లేచుట, రాత్రి మితముగా భుజించుట అట్టివి కావు. మాల తీయునాడే వానిలో ఒకదానిని ఎన్నుకొని నిలుపుకొనవలెను. అది స్థిరపడిన పిదప రెండవది చేర్చుకొనవలెను. ఒకనాడు తప్పినచో అంతయు చెడినదని విడిచిపెట్టక, మరునాడు మరల చేపట్టవలెను.

స్వామికి మ్రొక్కిన మ్రొక్కునకు గడువు ఉండవచ్చును. ఆయన ప్రసాదించిన దేహమును కాపాడుకొను ధర్మమునకు గడువు లేదు.