పరుల భూమి – లోకహితము

“ఈ నేల యెవరిది?” అని యడిగినచో న్యాయవాది దస్తావేజు చూచి, “ఫలానావానిది” అనును. వేదాంతి చిఱునవ్వుతో, “వచ్చునపుడు తేలేదు, పోవునపుడు కొనిపోలేడు, వానిది కానేకాదు” అనును. వేదాంతి మాట సత్యమే. కాని యా మాటను తన సొత్తును గూర్చి పలికినచో వైరాగ్యము. పరుల సొత్తును గూర్చి పలికినచో దౌర్జన్యమునకు తొలిమెట్టు.

కలకత్తాలో నార్కేల్‌డాంగా నార్త్ రోడ్డున ఒక పౌరునికి స్థలము కలదు. అచట ప్రజలకొక ఉద్యానవనము నిర్మింపవలెనని నగరపాలక సంస్థ సంకల్పించెను. 2009లో ఆ స్థలమును బలవంతముగా స్వాధీనపఱచుకొన యత్నించెను. 2010లో తన రికార్డులనుండి యజమాని పేరు తొలగించి, తన పేరే వ్రాసికొనెను. 1980 నాటి నగరపాలక చట్టములోని 352వ సెక్షను తనకట్టి యధికార మిచ్చినదని వాదించెను. హైకోర్టు అంగీకరింపలేదు. 2024 మే 16న సుప్రీంకోర్టును అంగీకరింపలేదు. ఏ భూమి కావలెనో నిర్ణయించుటకే ఆ సెక్షను. దానిని తీసికొనుటకు కాదు.

1978 నాటి 44వ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులనుండి తొలగినది. అయినను, చట్టబద్ధముగా తప్ప ఎవరి యాస్తియు హరింపరాదని రాజ్యాంగములోని 300ఎ అధికరణము చెప్పుచున్నది. తీర్పు వ్రాసిన జస్టిస్ పమిడిఘంటం శ్రీ నరసింహగారు తెలుగువారు. ఆ యధికరణములో ఏడు అంశము లిమిడియున్నవని వారు వివరించిరి. నోటీసు, ప్రజాప్రయోజనము, న్యాయమైన పరిహారము మున్నగువాని నటుంచి, యజమాని మాట వినవలెననుటను ధర్మజిజ్ఞాసువు ప్రత్యేకముగా గమనింపవలెను. వినుట మర్యాద మాత్రమే కాదు. ఎదుటివాడును మనుష్యుడేయనియు, తన నిర్ణయము తప్పు కావచ్చుననియు ఒప్పుకొనుట అది.

“వేలాది బిడ్డలు ఆడుకొను తోటకై ఒక్కడు త్యాగము చేయరాదా?” అని కొందఱందురు. చేయవచ్చును, చేసినచో శ్లాఘ్యమే. కాని త్యాగము ఇచ్చువాని చేతిలోని పని, పుచ్చుకొనువాని చేతిలోనిది కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబములవారు వినోబాజీని 80 ఎకరములు కోరిరి. ఆయన గ్రామస్థుల నడిగెను. రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరము లిచ్చెదననిరి. అచట అడుగుట యుండెను, కాదనుటకు అవకాశమును ఉండెను. కనుకనే అది దానమైనది. అందఱి హృదయములు కరుగువఱకు రోడ్లు, కాలువలు ఆగజాలవు, నిజమే. అందులకే పరిహార మిచ్చి తీసికొను చట్టము లేర్పడినవి. అట్లు తీసికొన్నదానిని త్యాగమని పిలువకుండుటయే నిజాయితీ.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రముననే పరధనాపేక్షను నిషేధించినది. చదువరులకు వెంటనే లోభియగు గృహస్థు స్ఫురించును, సంస్థ స్ఫురింపదు. తనకై ఆశించువానికి ఏ మూలనో కొంత సిగ్గుండును. పదిమందికై ఆశించువానికి అదియును ఉండదు. లోకహితమను పేరు వాని మనస్సాక్షిని జోకొట్టును.

ఇక నోటీసు వచ్చి, వాదన ముగిసి, తగిన మూల్య మెదుట నుంచిన పిమ్మటను ఆ యజమాని “నాది, నాది” యని పట్టుపట్టినచో అది మమకారమా, న్యాయమా? ఆ ప్రశ్న అతడు తన యంతరాత్మ నడుగుకొనవలసినది. కచేరీలోనివారికి ఆ పని లేదు. వారు చేయవలసినది అతనిని కూర్చుండబెట్టి వినుట. కలకత్తాలో అది జరుగనందున, సంస్థ యజమానికి 5 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపవలెనని కోర్టు ఆదేశించెను. ఆ సొమ్మును నగరవాసులు కట్టిన పన్నులలోనిదే.