రాని కేసుల లెక్క

ఈ సంవాదంలోని ఇద్దరూ కల్పితాలే. బాబాయి రేపల్లెలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. అమ్మాయి తెనాలిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్. బాపట్లలో బంధువుల పెళ్లికొచ్చి, భోజనాలయ్యాక పందిట్లో కూర్చున్నారు. వాళ్లు చెప్పుకునే అంకెలు మాత్రం కల్పితం కాదు.

"కొత్త కేసులు తగ్గాయంటున్నారు కదమ్మాయ్. రాని కేసును ఎవరు చూశారు?"

"ఎవరూ చూడరు బాబాయ్, అంచనా వేస్తారు. 2010తో పోలిస్తే 2023 నాటికి దేశంలో ఏటా కొత్తగా సోకేవాళ్లు 44 శాతం దాకా తగ్గారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) అంచనా. ప్రపంచం మొత్తం మీద 39 శాతం."

"అంచనా అంటే నాకు గుంటూరు జిల్లా గుర్తొస్తుంది."

గుర్తు రావాల్సిందే. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఒకే జిల్లాలో ఉన్న రోజులవి. ఊరూరా ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగులు. 2004-05లో పరిశోధకుడు లలిత్ దండోనా బృందం జిల్లాలో పల్లెలూ పట్నాలూ కలిపి 66 చోట్ల, 12 వేల పైచిలుకు మంది రక్తం పరీక్షించింది. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో హెచ్‌ఐవీ 1.72 శాతం అని తేలింది. అంటే జిల్లా మొత్తానికి దాదాపు 46 వేల మంది. అప్పటి సర్కారు పద్ధతిలో లెక్కవేస్తే లక్షా 12 వేలు దాటింది. ప్రైవేటు డాక్టర్లు అనుమానం వచ్చినవాళ్లను పెద్దాసుపత్రికి పంపేసేవారు. సర్కారు నమూనాలు తీసేదీ అక్కడే కాబట్టి లెక్క ఉబ్బింది. తర్వాత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇదే దారిలో చెప్పడంతో, 2007లో దేశం అంచనా 50 లక్షల పైనుంచి 25 లక్షల దగ్గరికి దిగింది.

"ఒక్క మాత్ర మింగకుండానే సగం జబ్బు మాయమైంది," అన్నాడు బాబాయి. "ఇప్పుడెంత?"

"25 లక్షల పైనే."

"అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మరి తగ్గిందేమిటి?"

"చెరువులోకి వచ్చే నీళ్లు తగ్గాయి, పోయే నీళ్లూ తగ్గాయి. మట్టం చూస్తే ఏం తెలుస్తుంది బాబాయ్? మందులు వాడేవాళ్లు బతుకుతున్నారు, అందుకే మొత్తం సంఖ్య తగ్గదు. వైద్యం బాగా జరిగే కొద్దీ అది పెరిగినా ఆశ్చర్యపోకూడదు."

బాబాయి తల ఊపాడు కానీ ఒప్పుకోలేదు. "వచ్చే నీళ్లు తగ్గింది మందులవల్లేనని ఎలా చెబుతావు? ఉచితంగా మందులివ్వడం మొదలైంది 2004 ఏప్రిల్‌లో, అదీ దేశం మొత్తానికి ఎనిమిది ఆసుపత్రుల్లో. మన దక్షిణాది రాష్ట్రాల్లో పడుచు గర్భిణుల్లో హెచ్‌ఐవీ 2000 నుంచి 2004 లోపే మూడో వంతు తగ్గిందని లాన్సెట్‌లో వచ్చింది కదా."

"అది కండోమ్ గొప్పతనం. సెక్స్ వర్కర్లు తమ సంఘాలతో చేసుకున్న పని. మందులకు ఆ పేరు నేనివ్వను. మందు ఏం చేయగలదో వేరే అధ్యయనంలో తేలింది. తొమ్మిది దేశాల్లో 1,763 జంటలు, ఒకరికి ఉంది, ఒకరికి లేదు. అందులో మన చెన్నై, పుణె జంటలూ ఉన్నారు. 2011లో చూస్తే, భాగస్వామి నుంచే సోకిందని జన్యుపరీక్షలో తేలినవి 28. వెంటనే మందులు మొదలుపెట్టిన వైపు ఒక్కటి. మిగతా 27 ఆలస్యంగా మొదలుపెట్టిన వైపు. ఇవి మాత్రం అంచనాలు కావు."

ఇక్కడ బాబాయి అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం. "వెంటనే వేసుకుంటే ఆ మనిషికేం లాభమో అప్పటికి తేలిందా?"

పూర్తిగా తేలలేదు. రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు ఇంకా బాగానే ఉన్న మనిషికి కూడా త్వరగా మొదలుపెట్టడమే మేలని స్టార్ట్ అనే అధ్యయనం 2015లో గానీ స్థిరపరచలేదు. అంటే నాలుగేళ్లపాటు ఆ మాత్ర పక్కవాళ్లకు మంచిదని రుజువైంది, మింగేవాడికి మంచిదో కాదో పూర్తిగా రుజువు కాలేదు. ఒంట్లో ఏ బాధా లేని మనిషిని, ఊరి కోసం జీవితాంతం రోజూ మందు మింగమని అడగవచ్చా?

"అడగవచ్చు, బలవంతపెట్టకూడదు," అంది అమ్మాయి. "అదృష్టం కొద్దీ రెండు లాభాలూ ఒకే మాత్రలో ఉన్నాయని తేలింది. మన దేశంలో 2017 నుంచి సీడీ4 ఎంతున్నా పాజిటివ్ అయితే మందులే."

"బలవంతం వద్దంటే ఎలా? ఈ పందిట్లో కూర్చుని చెబుతున్నాను, పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేస్తే సగం గొడవ వదిలిపోదూ?"

"పరీక్ష ఒక్క రోజు పని బాబాయ్. మందు ముప్పై నలభై ఏళ్ల పని. మొదటిదానికి పోలీసును పెట్టొచ్చు, రెండోదానికి ఎవర్ని పెడతారు? దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేశారు, కొన్ని ఊళ్లలో పాజిటివ్ అయిన అందరికీ మందులిస్తామన్నారు. మిగతా ఊళ్లతో పోలిస్తే కొత్త కేసుల్లో తేడా రాలేదు. పాజిటివ్ అని తెలిసినవాళ్లు సకాలంలో క్లినిక్కుకు చేరలేదు."

"అంటే మీ జాతీయ గ్రాఫు పాజిటివ్ మనిషి దయ మీద నడుస్తోందన్నమాట."

"నమ్మకం మీద అంటాను. రోజుకు ఒక్క మాత్ర. వైరస్ రక్తంలో కనపడనంతగా అణిగితే శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు. ఆ స్థితికి ఎంతమంది చేరారన్నదే అసలు లెక్క. ఎంతమందికి పరీక్ష చేశామన్నది దానికి ముందు మెట్టు మాత్రమే. సొంతూళ్లో మందు దొరికినా, తెలిసినవాళ్లు చూస్తారని పక్క ఊరికి వెళ్లేవాళ్లున్నారు."

"బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి. దేశానికి మేలు చేస్తూ వాడే ఎదురు పెట్టుకుంటున్నాడు!"

"కుదురుకున్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇవ్వడం అందుకే. నిజాంపట్నం నుంచి వేటకు పోయేవాళ్లకు నెలనెలా రమ్మంటే కుదురుతుందా?"

బాబాయి గొంతు తగ్గించాడు. "పెళ్లికొడుకు తరఫువాళ్లను చూస్తున్నాను. వాళ్లలో ఎవరైనా మీ దగ్గరికొస్తే నాకు చెప్తావా?"

"చెప్పను."

"హెచ్‌ఐవీ వివరాలు బయటపెట్టకూడదన్న 2017 చట్టమా?"

"చట్టం లేకపోయినా చెప్పను. చెప్తే ఆ మనిషి వచ్చే నెల మందులకు రాడు."