ఆటకు కూలి

బందరులో మా అక్క కొడుకు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్ళయింది. ఉద్యోగం లేదు. పోయిన సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న వేశాడు. "మావయ్యా, పైసా పెట్టుబడి లేకుండా ఆడుకుంటూనే డబ్బు సంపాదించే ఆటలు వున్నాయట, బ్లాక్‌చెయిన్ మీద. వాటిల్లో నిజంగా ఆడదగ్గవి ఏవో కాస్త తెలుసుకుని చెప్పు" అన్నాడు. వాడికి కావలసింది పేర్ల జాబితా. నేను జాబితా రాయబోయి "ఆడదగ్గవి" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆడదగ్గది అంటే డబ్బొచ్చేదా? ఆటగా బాగున్నదా? డబ్బు కోసం ఆడుతున్నంతసేపూ అది ఆటేనా, లేక ఆట వేషం వేసుకున్న కూలిపనా?

ఆటను గురించి పాశ్చాత్యులు చాలా ఆలోచించారు. హాలండు చరిత్రకారుడు హొయ్‌జింగా 1938లోనూ, ఫ్రెంచి రచయిత రొజే కయ్వా 1958లోనూ దీనిమీద గ్రంథాలు రాశారు. ఆట స్వేచ్ఛగా ఆడేది, దానివల్ల సంపద పుట్టదు అన్నది స్థూలంగా వారి మతం. జూదంలో కూడా డబ్బు చేతులు మారుతుందే తప్ప కొత్తగా పుట్టదని కయ్వా ప్రత్యేకించి చూపించాడు. ఈ రెండో మాట బంగారం లాంటిది. దీన్ని మళ్ళీ పట్టుకుందాం. ఐతే డబ్బు తగిలిన ప్రతి ఆటా మైలపడుతుందంటే మాత్రం నేను ఒప్పుకోను. బందరుకు దగ్గరలోనే కూచిపూడి వున్నది. అక్కడి భాగవతులు ఊరూరా తిరిగి ఆడారు. దాన్నీ మనం "ఆట" అనే అన్నాం. ఆ ఆటతోనే వాళ్ళ సంసారాలు గడిచాయి. దానివల్ల ఆట చెడలేదు సరిగదా, తరతరాలుగా పదునెక్కింది.

అంచేత అడగవలసిన ప్రశ్న "డబ్బు తీసుకోవచ్చునా?" అన్నది కాదు. "ఆ డబ్బు ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు?" అన్నది. భాగవతులకు ఇచ్చినవాడు రాత్రి తెల్లవార్లూ కూర్చుని చూసినవాడు. తాను పొందిన ఆనందానికి ఇచ్చాడు. కోడిపందెం బరి దగ్గర గెలిచినవాడికి ఇచ్చేవాడు ఓడినవాడు. మధ్యలో బరి నడిపేవాడికి వాటా. అది మంచి పని కాదు, కాని లెక్క కళ్ళకు కనపడుతుంది: ఓడినవాడు ఎదురుగానే నుంచుని వుంటాడు.

మరి ఈ కొత్త ఆటల్లో ఇచ్చేదెవరు? వియత్నాంలో పుట్టిన ఏక్సీ ఇన్ఫినిటీ అనే ఆటను చూద్దాం, ఈ కథంతా అందులో వున్నది గనుక. బొమ్మజంతువులు మూడింటితో పోట్లాడటం ఆట. గెలిస్తే ఎస్‌ఎల్‌పి అనే టోకెన్లు వచ్చేవి. ఆ జంతువుకు యజమాని ఎవరన్నది, టోకెన్లు ఎవరి దగ్గర ఎన్ని వున్నాయన్నది, ఒక్కచోట కాకుండా అనేక కంప్యూటర్లలో ఒకేసారి రాసివుంచే లెక్కల పుస్తకంలో వుంటుంది. బ్లాక్‌చెయిన్ అంటే అదే. టోకెన్ల ముఖ్యమైన ఉపయోగం కొత్త జంతువులను పుట్టించటం. ఆ పిల్లజంతువులను కొనేదెవరు? కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్ళు. అంటే ఇవాళ ఆడినవాడి కూలి రేపు రాబోయేవాడి జేబులో వున్నదన్నమాట. బరిలో ఓడినవాడు ఎదురుగా వుంటాడన్నాను. ఇక్కడ ఓడబోయేవాడు ఇంకా ఊళ్ళోకే రాలేదు.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా మూలంగా పనులు ఆగిపోయినప్పుడు ఫిలిప్పీన్స్‌లో ఈ ఆట దావానలంలా వ్యాపించింది. మొదట్లో బాగా పట్టుకున్న చోట్లలో కబనతువాన్ ఒకటి. అది నువేవా ఎసిహా అనే వరిపండే రాష్ట్రంలోని పట్టణం. మన గుడివాడలాంటిదే అనుకోండి. మూడు జంతువులు కొనాలంటే అప్పట్లో వందల డాలర్లు కావలసివచ్చేది. అంత డబ్బు వున్నవాడికి ఈ ఆటతో పనేమిటి? లేనివాడి కోసం ఒక ఏర్పాటు వచ్చింది. వున్నవాడు జంతువులను అరువిస్తాడు. లేనివాడు రోజల్లా ఆడతాడు. వచ్చింది పంచుకుంటారు. యీల్డ్ గిల్డ్ గేమ్స్ అనే పెద్ద సంస్థ ప్రకటించిన పంపకంలో ఆడినవాడికి నూటికి 70, మధ్య మేనేజరుకు 20, సంస్థకు 10. దీనికి వాళ్ళు పెట్టిన పేరు "స్కాలర్‌షిప్". దివిసీమలో ఏ రైతునడిగినా దీన్ని కౌలు అంటాడు. భూమి ఒకడిది, చాకిరీ ఒకడిది. పేరు మాత్రం విద్యార్థి వేతనం! మాటలకు ఇంత ద్రోహం జరగటం ఈమధ్య నేను చూడలేదు.

2021 నడిమిలో ఒక్కో ఎస్‌ఎల్‌పి 35 సెంట్లు దాటింది. మరుసటి ఏడు సగం గడిచేసరికి ఒక్క సెంటు కూడా చెయ్యలేదు. వచ్చేవాళ్ళు తగ్గారు, పుట్టే టోకెన్లు తగ్గలేదు. అంతకు మించి రహస్యమేమీ లేదు. 2022 మార్చిలో ఆ ఆట నడిచే రోనిన్ గొలుసు నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దొంగిలించారు. తొమ్మిది తాళాల్లో అయిదు దొరికితే చాలు, ఆ తొమ్మిదింటిలో నాలుగు కంపెనీ చేతిలోనే వున్నాయి. "యజమాని లేని వ్యవస్థ" అని చాటినదాని సంగతి ఇది. కంపెనీ తర్వాత ఆటగాళ్ళ సొమ్ము తిరిగి కట్టిందని చెప్పటం న్యాయం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వున్నది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. "కడుపు నిండినవాడివి గనుక ఆట స్వచ్ఛతను గురించి మాట్లాడుతున్నావు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో వాళ్ళు బియ్యం కొనుక్కున్నారు" అంటారు. నిజమే. కొనుక్కున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. మా మేనల్లుణ్ణీ పట్టను. తప్పుపట్టేది ఆ చాకిరీని చాకిరీ అని చెప్పకుండా దాచటాన్ని. కూలి అని తెలిస్తే మనిషి గంటలు లెక్కపెడతాడు, రేటు అడుగుతాడు, పక్కవాడితో కలిసి బేరమాడతాడు. ఆట అన్నప్పుడు వీటిలో ఒక్కటీ చెయ్యడు.

గంటల లెక్క మా ఇంట్లోనే తేలింది. మా అక్క రోల్డుగోల్డు నగలకు రాళ్ళు అతుకుతుంది. బందరులో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని అదే, ముక్కకింత అని. మేనల్లుడు అప్పటికే ఒక "ఉచిత" ఆట నెలరోజులు ఆడివున్నాడు. దాని పేరు అనవసరం. ఇద్దరం కాగితం మీద లెక్కవేశాం. వాడికి గంటకు పడింది వాళ్ళమ్మకు పడేదానిలో నాలుగోవంతు లేదు. అదీ టోకెన్లలో, తీసుకోబోతే మధ్య రుసుములు. మా అక్క వింటూ రాయి అతుకుతూనే అన్నది: "మరి వీడు దాన్ని ఆట అంటాడేంరా తమ్ముడూ? నేనెప్పుడూ దీన్ని ఆట అనలేదే."

సరే, జాబితా. టోకెను ధర సున్నా అయిన మర్నాడు కూడా ఆడాలనిపిస్తుందా అన్నదొక్కటే నా గీటురాయి. గాడ్స్ అన్‌చెయిన్డ్ అనే పేకల ఆట ఈ పరీక్షకు చాలావరకు నిలుస్తుంది. మొదటి పేకలు ఊరికే ఇస్తారు, ఎత్తుకు పైఎత్తు వెయ్యటంలో బుద్ధికి పని వున్నది. డబ్బు సంగతి మరిచిపోయి ఆడవచ్చు. ఏక్సీ కూడా 2022 నుంచి ఆరంభానికి మూడు జంతువులను ఉచితంగా ఇచ్చే రూపంలో వచ్చింది. పిక్సెల్స్ అనే సేద్యపు ఆట వున్నది, ఊరికే ఆడవచ్చు. అందులోనూ భూములు కొనుక్కున్న ఆసాములు వేరే వున్నారు. మిగిలినవాటిలో నేను చూసినవి చాలావరకు గుమాస్తా పనులు, రంగులు పూసి పెట్టారు, అంతే. రోజూ వేలుతో నొక్కటం, నొక్కినట్టు నమోదు కావటం.

చట్టం సంగతి కూడా వాడికి చెప్పాను. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి టోకెన్ల అమ్మకపు లాభం మీద నూటికి 30 పన్ను, ఒకదానిలో నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. రమ్మీలో నైపుణ్యం వున్నదని మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన చట్టం ఆ తేడా చూడలేదు. నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, పణం పెట్టి లాభం ఆశించి ఆన్‌లైనులో ఆడే ఆటను నిషేధించింది. పణం పెట్టని ఆట దానికి వెలుపలే వుండాలి. ఐతే "ఉచితం" అని మొదలుపెట్టి మూడోరోజున "ఈ జంతువు కొనుక్కుంటే రెట్టింపు" అనే ఆట ఎటు పడుతుంది?

వాడు ఆ పేకల ఆట ఒక్కటి వుంచుకున్నాడు. వారం తర్వాత ఫోను చేసి, గుడివాడ కుర్రాడెవడో తనను వరసగా మూడుసార్లు ఓడించాడని, వాడి పేకల వరస ఎలా విరగ్గొట్టాలో తెలియటం లేదని పావుగంట చెప్పాడు. టోకెన్లు ఎన్ని వచ్చాయని నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఫోను పెట్టేస్తూ మాత్రం, ఓడరేవులో పనులకు మనుషుల్ని తీసుకుంటున్నారట, ఎవరైనా తెలుసునా మావయ్యా అన్నాడు.