అబ్దుల్ గఫార్ చేసిన నమాజు

డచ్ పండితుడు స్నూక్ హుర్‌ఖ్రోన్యే (1857-1936) గురించి రాసేవాళ్లు తరచుగా ఒకచోట ఆగిపోతారు: ఆయన నిజంగానే ముస్లిం అయ్యాడా, నటించాడా? ఆ ప్రశ్న తేలినా ఏమీ తేలదనిపిస్తుంది నాకు.

1880లో, మక్కా మొహం చూడకుండానే, హజ్ మీద సిద్ధాంతవ్యాసం రాసి లైడెన్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. 1885లో జెద్దాలో మతం మారి, అబ్దుల్ గఫార్‌గా మక్కాలో అడుగుపెట్టి కొన్ని నెలలున్నాడు. అక్కడి పెళ్లిళ్లు, చదువులు, బానిసల బతుకులు, జావా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల సంగతులు రెండు సంపుటాలుగా రాశాడు. గూఢచారి అని కొట్టిపారేస్తే ఆ పుస్తకానికి అన్యాయం. అంత దగ్గరగా, అంత ఇష్టంగా చూశాడు.

ఆ చూపే ఆచేలో ఆయుధమైంది. సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచేతో డచ్‌వాళ్లు 1873 నుంచి తెగని యుద్ధం చేస్తున్నారు. వలస ప్రభుత్వ కొలువులో చేరి 1891లో అక్కడికెళ్లిన స్నూక్, ప్రతిఘటన నడుపుతున్నది సుల్తాను కాదు, ఉలమాలు అని తేల్చాడు. స్థానిక ప్రభువుల్ని దువ్వండి, ఉలమాల్ని కనికరం లేకుండా అణచండి అన్నాడు. జనరల్ వాన్ హ్యూట్స్ ఆ దారే పట్టాడు. హజ్‌కి అడ్డుపడొద్దని ప్రభుత్వానికి చెప్పిందీ ఈయనే. (మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సహనం మతం రాజకీయాల జోలికి రానంత వరకే.)

సాఫ్ట్‌వేర్‌లో మాకొక నియమం ఉంది, పాటించడం వేరే సంగతి: ఒక పనికని తీసుకున్న సమాచారం ఇంకో పనికి వాడకూడదు. తోటి ముస్లిం అనుకుని తలుపు తీసినవాళ్లు సైన్యం సలహాదారుకి తీయలేదు. ఆయన విశ్వాసం నిజమే అనుకుందాం. అప్పుడు తప్పు తగ్గుతుందా? పెరుగుతుంది.

1906లో స్నూక్ లైడెన్‌లో ప్రొఫెసర్‌గా చేరాడు. జావాలో ముస్లిం పద్ధతిలో పెళ్లాడిన భార్య, పిల్లలు అక్కడే ఉండిపోయారు.